క్విల్టింగులో, కుట్టుపనిలో ఫ్రీజర్ పేపర్

ఫ్రీజర్ పేపర్ ఒకవైపు పలుచని ప్లాస్టిక్ పూత ఉండే తెల్లని దళసరి కాగితం. అమెరికా ఇళ్లలో మాంసం చుట్టి ఫ్రీజరులో దాచుకోవడానికి పుట్టిన ఈ వంటింటి సరుకు కొన్ని దశాబ్దాలుగా కుట్టుపెట్టెలో కూడా చోటు సంపాదించుకుంది. నున్నటి వైపును బట్టకు ఆనించి ఇస్త్రీ చేస్తే అది బట్టను పట్టుకుంటుంది. పని పూర్తయ్యాక మెల్లగా లాగితే జిగురు గానీ మరక గానీ మిగల్చకుండా ఊడివస్తుంది. గుండుసూదులు, కచ్చా కుట్లు, సుద్ద గీతలు, జిగురు చేసే పనుల్లో చాలా భాగాన్ని ఈ ఒక్క కాగితం చేసిపెడుతుంది. ఆప్లిక్ పని (గుడ్డ మీద గుడ్డముక్కను ఆకారంగా కుట్టడం), ముక్కలు కలిపి క్విల్టు అనే మూడు పొరల దుప్పటి కూర్చడం, దుస్తుల కటింగు, బట్టపై రంగు అద్దకం, బట్టమీద ప్రింటింగు దీని ముఖ్య ఉపయోగాలు.

నిర్మాణం

ఈ కాగితానికి ఆధారం గట్టి క్రాఫ్ట్ కాగితం. దాని ఒక ముఖం మీద కరిగించిన పాలిథిలీన్‌ను పలుచని పొరగా పరుస్తారు. పాలిథిలీన్‌ను 1933లో ఇంగ్లండులోని నార్త్‌విచ్‌లో ఇంపీరియల్ కెమికల్ ఇండస్ట్రీస్ ప్రయోగశాలలో కనుగొన్నారు. ఫ్రీజరులో పెట్టిన మాంసం తేమ కోల్పోయి ఎండిపోతుంది. ప్లాస్టిక్ పొర తేమను లోపలే ఆపుతుంది. పూత లేని రెండో ముఖం మామూలు కాగితమే కాబట్టి, మాంసం పేరు, పెట్టిన తేదీ దానిమీద రాసుకోవచ్చు. కుట్టేవాళ్లకు పనికివచ్చిన గుణాలు కూడా ఈ రెండే: ఒకవైపు బట్టకు అంటుకుంటుంది, మరోవైపు పెన్సిలుతో గీసుకోవచ్చు.

అమెరికా కిరాణా దుకాణాల్లో ఇది 18 అంగుళాల, అంటే సుమారు 46 సెంటీమీటర్ల వెడల్పు చుట్టలుగా దొరుకుతుంది. రేనాల్డ్స్ కంపెనీ చుట్ట అక్కడ అందరికీ తెలిసిన సరుకు. క్విల్టింగు దుకాణాలు ప్రింటరులో పట్టేలా ఎనిమిదిన్నర అంగుళాల వెడల్పు, 11 అంగుళాల పొడవు గల విడి షీట్లుగా కూడా అమ్ముతాయి.

చూపుకు ఇలాగే ఉండే ఇతర కాగితాలతో దీన్ని కలగలపకూడదు. మైనపు కాగితానికి రెండువైపులా మైనం ఉంటుంది. ఇస్త్రీ వేడికి అది కరిగి బట్టలోకి ఇంకి మరకవుతుంది. కేకుల కింద పరిచే బేకింగ్ కాగితానికి సిలికాన్ పూత ఉంటుంది. దేనికీ అంటుకోకుండా ఉండటమే దాని పని. మాంసం దుకాణాల్లో పొట్లాలు కట్టే బుచర్ పేపరుకు సాధారణంగా ప్లాస్టిక్ పూత ఉండదు. మన దుకాణాల్లో బటర్ పేపర్ అనే పేరుతో దొరికేది కూడా ఇస్త్రీకి అంటుకోదు. కొన్నది సరైనదో కాదో తేలాలంటే గుడ్డపీలిక మీద చిన్న ముక్క పెట్టి ఇస్త్రీ చేసి చూడటమే సులువైన పరీక్ష.

అంటుకునే తీరు

ఇలాంటి పూతల్లో వాడే తక్కువ సాంద్రత పాలిథిలీన్ సుమారు 105 నుంచి 115 డిగ్రీల సెల్సియస్ మధ్య మెత్తబడి కరుగుతుంది. ఇస్త్రీ పెట్టె మీద ఒక చుక్క గుర్తు దాదాపు 110 డిగ్రీలకు, రెండు చుక్కలు 150కి, మూడు చుక్కలు 200కి సంకేతం. పొడి ఇస్త్రీ పెట్టెను రెండు చుక్కల దగ్గర ఉంచి కొన్ని సెకన్లు అదిమితే పూత మెత్తబడి బట్ట పైపోగుల సందుల్లోకి కొద్దిగా దిగుతుంది, చల్లారగానే అక్కడే గట్టిపడుతుంది. నూలు బట్ట వేడికి తట్టుకుంటుంది గనుక అంతకన్నా కాస్త ఎక్కువ వేడి పెట్టినా ఫర్వాలేదు.

ఈ పట్టు పైపైదే. ఫ్యాక్టరీలో ఎంతో ఎక్కువ వేడిలో కాగితం మీద పరిచిన పొర కాగితాన్ని గట్టిగా కరుచుకుని ఉంటుంది. బట్టతో దానికి ఉండే బంధం అంతకన్నా బలహీనం. అందుకే లాగినప్పుడు ప్లాస్టిక్ కాగితంతోనే వస్తుంది, బట్ట మీద మిగలదు. ఒకే ముక్కను మళ్లీ మళ్లీ ఇస్త్రీ చేసి వాడుకోవచ్చు. ప్రతిసారీ కొన్ని నూలు పీచులు పూతకు అంటుకుని పట్టు తగ్గుతూ వస్తుంది. అంచులు వాటంతటవే లేవడం మొదలైతే ఆ ముక్క ఆయుష్షు తీరినట్టే.

చరిత్ర

కాగితం ఆధారంగా గుడ్డముక్కలు కూర్చే పద్ధతి ప్లాస్టిక్ కన్నా ఎంతో పాతది. ఇంగ్లీష్ పేపర్ పీసింగ్ అనే పద్ధతిలో కాగితాన్ని కావలసిన ఆకారంలో కత్తిరించి, దాని చుట్టూ బట్ట అంచులు మడిచి, కచ్చా కుట్టు వేసి, అలాంటి ముక్కల్ని అంచుకు అంచు కలిపి కుడతారు. బ్రిటిష్ క్విల్టర్స్ గిల్డ్ సేకరణలో ఉన్న, 1718 తేదీ గల పట్టు ప్యాచ్‌వర్క్ దుప్పటి వెనక ఆ కాగితాలు ఇప్పటికీ అలాగే ఉన్నాయి. ఆ కాగితాలకు బట్టను పట్టుకునే శక్తి లేదు. ప్రతి ముక్కకూ కచ్చా కుట్టు వేయాలి, చివర్లో విప్పాలి. ఫ్రీజర్ పేపర్ వచ్చాక తగ్గింది ఈ శ్రమే.

అమెరికాలో 1971లో న్యూయార్కులోని విట్నీ మ్యూజియంలో పాత క్విల్టులను చిత్రాల మాదిరి గోడలకు వేలాడదీసి ప్రదర్శించారు. 1976లో వచ్చిన అమెరికా స్వాతంత్ర్య ద్విశతాబ్ది ఉత్సవాలు ఈ కళమీద ఆసక్తిని మరింత పెంచాయి. 1979లో ఓల్ఫా కంపెనీ తెచ్చిన చక్రపు కత్తి కటింగును వేగవంతం చేసింది. ఈ ఆసక్తితో క్విల్టింగులోకి వచ్చి, పాత పద్ధతులను తేలిక చేసే దారులు వెతుకుతున్న కొత్త తరం చేతిలో వంటింటి కాగితం కుట్టు పనిముట్టయింది. 1980లు గడిచేసరికి క్విల్టింగు తరగతుల్లో, పుస్తకాల్లో అది స్థిరపడింది.

1840లు, 1850లలో మేరీల్యాండ్ రాష్ట్రంలోని బాల్టిమోర్‌లో పూలబుట్టలు, పక్షులు, దండలు కుట్టిన ఆప్లిక్ క్విల్టులు వెలిశాయి. బాల్టిమోర్ ఆల్బం క్విల్టులని పేరుపడ్డ వీటిని ఇప్పటివాళ్లకు నేర్పిన ఎల్లీ సెంకీవిచ్ పుస్తకాలు, 1989లో వచ్చిన ‘బాల్టిమోర్ బ్యూటీస్ అండ్ బియాండ్’ మొదలుకొని, ఫ్రీజర్ పేపర్ పద్ధతులను విస్తృతంగా పరిచయం చేశాయి. రూత్ మెక్‌డోవెల్ ఆకులు, పూలు, జంతువుల బొమ్మలను పూర్తి పరిమాణంలో ఫ్రీజర్ పేపర్ మీద గీసి, ఆ కాగితాన్నే ముక్కలుగా కోసి క్విల్టు కూర్చే విధానాన్ని అభివృద్ధి చేశారు.

ఆప్లిక్ పనిలో

ఒక గుడ్డ మీద మరో గుడ్డముక్కను ఆకారంగా కోసి కుట్టడమే ఆప్లిక్. ముక్క అంచును లోపలికి మడిచి, వంపులు చెదరకుండా, కొసలు మొద్దుబారకుండా కుట్టడంలోనే పనితనమంతా ఉంది. కాగితాన్ని ఎక్కడ పెడతారన్న దాన్ని బట్టి ఇందులో ప్రధానంగా నాలుగు పద్ధతులున్నాయి.

మొదటిది, కాగితం పైన ఉండేది. ఆకారాన్ని కోసి, బట్ట మంచివైపు మీద ఇస్త్రీతో అంటిస్తారు. చుట్టూ 5 మిల్లీమీటర్ల బట్ట వదిలి కత్తిరించి, కింది గుడ్డ మీద పెట్టి, సూదిమొనతో అంచును లోపలికి తోస్తూ కాగితం అంచు వెంబడి కనిపించని కుట్టు వేస్తారు. బట్ట మీద గీతలు అక్కర్లేదు, కాగితం అంచే గీత. ఆకారం తిరగబడదు కాబట్టి కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఇది సుగమం.

రెండోదానిలో కాగితాన్ని బట్ట తిరగవైపున, నున్నటి ముఖం బట్టకు తగిలేలా అంటించి, చుట్టూ మిగిలిన అంచును కాగితం మీదికి మడిచి కచ్చా కుట్టు వేస్తారు. మూడోదానిలో కాగితాన్ని తిరగేస్తారు. నున్నటి ముఖం పైకి ఉంచి, గుండుసూదితో నిలిపి, బట్ట అంచును ఇస్త్రీ మొనతో ఆ పూత మీదికే మడుస్తారు. అంచు పూతకు అంటుకుంటుంది కనుక కచ్చా కుట్టు తప్పుతుంది.

నాలుగోది గంజి పద్ధతి. రెండు కాగితాలను ఒకదానిమీద ఒకటి ఇస్త్రీ చేసి గట్టి అచ్చు చేస్తారు. దాన్ని బట్ట తిరగవైపున అంటించి, అంచుకు చిన్న కుంచెతో గంజినీళ్లు పూసి, కాగితం మీదికి మడిచి తడి ఆరేదాకా ఇస్త్రీ మొనతో అదుముతారు. గంజి ఆరాక మడత కత్తివాదరలా నిలుస్తుంది. అప్పుడు కుట్టకముందే కాగితం తీసేయవచ్చు. ఒకే ఆకారం పదిసార్లు కావలసినప్పుడు ఒక్క అచ్చే అన్నిటికీ సరిపోతుంది. మెషీన్ మీద ఆప్లిక్ చేసేవాళ్లు ఎక్కువగా మెచ్చేది దీన్నే.

ఒక ఆకును ఈ పద్ధతిలో మడిచి చూస్తే ఇందులోని మెలకువలు తెలుస్తాయి. ఆకు పక్కల ఒంపు బయటికి ఉబ్బి ఉంటుంది కనుక అక్కడ అంచును కత్తిరించాల్సిన పనిలేదు, కొద్దికొద్దిగా మడుస్తూ పోతే ముడతలు లేకుండా ఒదుగుతుంది. కొస దగ్గర ముందు మొనను నిలువుగా లోపలికి మడిచి, తరవాత ఎడమపక్క, ఆ పైన కుడిపక్క మడవాలి. మడత కింద మిగిలిన బట్ట పక్కకు పొడుచుకొస్తే దాన్ని కత్తెరతో తీసేయాలి. హృదయాకారంలో పైన ఉండే నొక్కు లాంటి లోపలి మూలల్లో మాత్రం కాగితానికి ఒకటి రెండు పోగుల దూరం వరకూ గాటు పెట్టకపోతే అంచు మడతపడదు. గుండ్రని ఆకారానికి అంచు చుట్టూ పరుగు కుట్టు వేసి, అచ్చు లోపల పెట్టి, దారం లాగి బిగించి గంజితో ఇస్త్రీ చేస్తారు.

లోపల ఉండిపోయిన కాగితాన్ని తీయడానికి రెండు దారులు. కుట్టు ముగించే ముందు అంగుళం మేర ఖాళీ వదిలి, ట్వీజర్లతో కాగితం లాగి, ఆ తరవాత ఖాళీని మూసేయవచ్చు. లేదా మొత్తం కుట్టేశాక వెనక గుడ్డను కుట్టుకు 6 మిల్లీమీటర్ల లోపలగా కోసి, ఆ కంతలోంచి కాగితం తీయవచ్చు.

నున్నటి ముఖాన్ని బట్ట తిరగవైపుకు అంటించే రెండో, నాలుగో పద్ధతుల్లో బొమ్మ అద్దంలో చూసినట్టు తిరగబడుతుందని గుర్తుంచుకోవాలి. ఎడమకు చూసే పక్షి కుడికి చూస్తుంది. అక్షరాలు కుడి ఎడమలుగా తిరగబడతాయి. అందుకే గీసేటప్పుడే తిప్పి గీసుకోవాలి.

ముక్కలు కూర్చడంలో

షడ్భుజుల క్విల్టులు కూర్చేవాళ్లు కాగితం ముక్కను బట్టకు ఇస్త్రీతో అంటించి, గుండుసూది అవసరం లేకుండా అంచులు మడుస్తారు. ముక్క జరగదు కాబట్టి ఆరు మూలలూ కచ్చితంగా కలుస్తాయి.

మెక్‌డోవెల్ పద్ధతిలో పెద్ద బొమ్మను ఫ్రీజర్ పేపర్ మీద గీశాక, కోసే ముందే ప్రతి ముక్కకూ అంకె వేస్తారు. పక్కపక్క ముక్కల మధ్య గీత మీద అడ్డంగా చిన్న చిన్న గుర్తులు పెడతారు. కుట్టేటప్పుడు ఈ గుర్తులు ఒకదానికొకటి కలిస్తే వంపు గీతలు కూడా చిక్కు లేకుండా జతపడతాయి. కోసిన ముక్కల్ని ఒక్కొక్కటిగా తమతమ బట్టలకు అంటించి, చుట్టూ పావు అంగుళం కుట్టు బట్ట వదిలి కత్తిరిస్తారు. కాగితాలే ఇక్కడ అచ్చు, నక్షా, క్రమపట్టిక మూడూ.

పునాది కాగితంతో కూర్చే పద్ధతిలో మామూలుగా కాగితం మీదినుంచే కుట్టి చివర్లో చింపేస్తారు. ఫ్రీజర్ పేపర్ అయితే గీత దగ్గర వెనక్కి మడిచి, మడతకు ఆనించి బట్ట మీద మాత్రమే కుడతారు. కాగితానికి సూది తగలదు, చింపే పని ఉండదు, అదే కాగితం మరో ముక్కకు పనికివస్తుంది. దిక్సూచి నక్షత్రాల్లా వాడి కొసలుండే డిజైన్లకు ఇది బాగా నప్పుతుంది.

క్విల్టు మూడు పొరలూ కలిపి కుట్టే చివరి దశలో కూడా ఈ కాగితం పనికివస్తుంది. ఈక, ఆకు, శంఖం వంటి ఆకారాన్ని కోసి పైగుడ్డకు అంటించి, దాని అంచు వెంబడి కుట్టి, తీసి పక్కన మళ్లీ అంటిస్తే సుద్దగీతల అవసరం ఉండదు.

దుస్తుల కుట్టులో

ప్యాటర్న్‌ను ఫ్రీజర్ పేపర్ మీదికి దించుకుని బట్టకు అంటిస్తే గుండుసూదులు లేకుండా కత్తిరించవచ్చు. షిఫాన్, పట్టు, లైనింగు గుడ్డలు కత్తెర కింద జారిపోతుంటాయి. వెనక కాగితం ఉంటే అవి మందపాటి కాగితంలా నిలబడతాయి. ప్యాటర్న్ కాగితం కన్నా వెడల్పుగా ఉంటే రెండు షీట్లను అంచులు ఒకదానిమీద ఒకటి ఎక్కించి ఇస్త్రీ చేస్తే చాలు, టేపు అక్కర్లేదు.

బ్లౌజు వెనక పాట్ నెక్ వంటి వంపుల మెడలకు ఇది బాగా పనికివస్తుంది. మెడ ఆకారాన్ని కాగితంలో కోసి లైనింగు మీద అంటించి, కాగితం అంచును ఆనుకుని మెషీన్ నడిపితే ఎడమ కుడి వంపులు సమానంగా వస్తాయి. పలుచని గుడ్డమీద మెషీన్ ఎంబ్రాయిడరీ చేసేటప్పుడు కూడా అడుగున అంటించిన కాగితం గుడ్డ ముడుచుకుపోకుండా ఆపుతుంది. తరవాత దాన్ని కుట్టు పక్కనుంచి జాగ్రత్తగా చింపేయాలి.

రంగు అద్దకం, ముద్రణ

టీషర్టులు, సంచులు, దిండు గలీబులపై రంగు అద్దడానికి ఫ్రీజర్ పేపర్ స్టెన్సిల్ ఎంతో సులువు. బొమ్మను చురకత్తితో కోసి, షర్టుకు అంటించి, లోపల ఒక అట్టముక్క పెట్టి, బట్ట రంగును పలుచని పొరలుగా అద్దాలి. కుంచెను కాగితం అంచునుంచి లోపలివైపుకే కదపాలి. ఎదురు తిప్పితే రంగు కాగితం కిందికి దూరుతుంది. రంగు ఆరాక కాగితం తీసి, రంగు తయారీదారు చెప్పిన ప్రకారం ఇస్త్రీతో స్థిరపరచాలి.

మామూలు అట్ట స్టెన్సిల్‌కు ఒక ఇబ్బంది ఉంది. సున్న రాయాలంటే మధ్యలోని వృత్తం ఊడి పడిపోతుంది, దాన్ని నిలపడానికి సన్నని వంతెనలు వదలాలి. ఫ్రీజర్ పేపరులో ఆ వృత్తాన్ని విడిగా తీసుకుని దాని స్థానంలో ఇస్త్రీ చేస్తే చాలు, అక్కడే ఉంటుంది. సున్నలు, గుండ్రాలు నిండుగా ఉండే తెలుగు లిపికి ఈ సౌకర్యం మరీ ఉపయోగం.

నూలుగుడ్డను ఫ్రీజర్ పేపరుకు అంటించి, షీటు కొలతకు కోసి, ఇంక్‌జెట్ ప్రింటరులోంచి పంపితే ఫొటోలు, రాతలు బట్టమీద పడతాయి. అంచుల్లో వేలాడే పోగులు కత్తిరించాలి, షీట్లు ఒకటొకటిగానే పెట్టాలి. పిగ్మెంట్ సిరా ఉతుకుకు కొంత నిలుస్తుంది. డై సిరా ఉతికితే కరిగిపోతుంది కాబట్టి ముందుగా బట్టకు తగిన ద్రావణం పట్టించాలి. లేజర్ ప్రింటరులో ఈ షీట్లు ఎంతమాత్రం పెట్టకూడదు, దాని వేడి రోలరుకు ప్లాస్టిక్ కరిగి అంటుకుంటుంది.

క్విల్టు వెనక కుట్టే పేరు చీటీ ఈ ముద్రణకు అత్యంత సాధారణ ఉపయోగం. 1981లో కెంటకీ రాష్ట్రం మొదలుపెట్టాక అమెరికాలో పలు రాష్ట్రాలు తమ పాత క్విల్టులను నమోదు చేసుకున్నాయి. ఎవరు, ఎప్పుడు కుట్టారో తెలియని క్విల్టులు ఎన్నో బయటపడటంతో కుట్టినవారి పేరు, ఊరు, సంవత్సరం వెనక రాయడం అలవాటైంది. చీటీని చేత్తో రాసేవాళ్లకు కూడా వెనక అంటించిన కాగితం గుడ్డను కదలనివ్వదు.

జాగ్రత్తలు, పరిమితులు

పూత ఉన్న వైపు ఇస్త్రీ పెట్టెకు తగలకూడదు. తగిలితే ప్లాస్టిక్ అడుగుపలకకు అంటుకుని తరవాతి బట్టను పాడుచేస్తుంది. ఆవిరి వాడకూడదు, తేమకు కాగితం వంకరపోయి పట్టు సడలుతుంది. వేడికి కాగితం కొద్దిగా కుంచించుకుపోతుంది కనుక కచ్చితమైన కొలతలు కావలసినప్పుడు కోసే ముందే ఒకసారి ఉత్త కాగితాన్ని ఇస్త్రీ బల్ల మీద వేడిచేసి ఊడదీయాలి.

ఊడదీసేటప్పుడు మూలనుంచి కాగితాన్ని వెనక్కి మడుస్తూ తీయాలి. బట్టను క్రాస్‌గా లాగితే అది సాగి ఆకారం చెడుతుంది. వెల్వెట్ లాంటి నూగుబట్టల మీద కాగితం సరిగా అంటదు, ఇస్త్రీకి నూగు అణిగిపోతుంది. వదులు నేత బట్టల్లో పోగులు లేచిపోతాయి. జరీ, పూసలు, చమ్కీలు ఉన్న చోట వాడకపోవడమే మేలు. పట్టు, పాలిస్టర్ మీద తక్కువ వేడితో, ముందు పీలిక మీద చూసుకుని మొదలుపెట్టాలి.

ప్రత్యామ్నాయాలు

రెండు గుడ్డల మధ్య కరిగి శాశ్వతంగా అంటిపోయే ఫ్యూజిబుల్ వెబ్ ఆప్లిక్‌ను చాలా వేగంగా ముగిస్తుంది. కానీ అది బట్టలోనే ఉండిపోయి గట్టిదనం తెస్తుంది, అంచులు మడవకుండా వదిలేస్తే పోగులు లేస్తాయి. నీళ్లలో కరిగే ఆప్లిక్ షీట్లను తీయాల్సిన పనే లేదు, ఉతుకులో మెత్తబడతాయి, ధర మాత్రం ఎక్కువ. వేడికి తట్టుకునే ప్లాస్టిక్ అచ్చులు వందలసార్లు వాడుకోవచ్చు, అయితే బట్టకు అంటవు. చవకగా దొరికి, అంటుకుని, తిరిగి ఊడి, ఏ ఆకారంలోనైనా కోయడానికి వీలయ్యేది మాత్రం ఫ్రీజర్ పేపరే.

తెలుగునాట

మన ఇళ్లలో పాత నూలు చీరలు, పంచెలు పొరలుగా పరిచి పొడవాటి పరుగు కుట్టుతో కుట్టే బొంతకు అచ్చులతో పనిలేదు. టైలర్లు కటింగుకు పాత న్యూస్‌పేపరో, ఖాకీ కాగితమో వాడతారు. మగ్గం వర్కులో డిజైనును ట్రేసింగ్ కాగితం మీద గీసి, గీతల వెంట సూదితో చిల్లులు పొడిచి, కిరసనాయిలులో కలిపిన పొడిని గుడ్డతో రుద్ది బట్టమీదికి దించుతారు. ఈ చివరి పనికి ఫ్రీజర్ పేపర్ ప్రత్యామ్నాయం కాదు. తీగలు, పూరేకుల లోపలి గీతలన్నీ దిగాలంటే చిల్లుల కాగితమే కావాలి. ఫ్రీజర్ పేపర్ ఇచ్చేది బయటి అంచును మాత్రమే.

ఇక్కడి కిరాణా దుకాణాల్లో ఇది మామూలుగా దొరకదు. ఆన్‌లైనులోనో, చేతిపనుల సామగ్రి అమ్మే చోట్లనో కొనాలి. అమెరికాలో ఉండే తెలుగువారికి మాత్రం ఇది సూపర్ మార్కెట్లో అల్యూమినియం ఫాయిల్ పక్కనే కనిపించే సరుకు. కొత్తగా మొదలుపెట్టేవారు ఖరీదైన బట్ట జోలికి పోకుండా, ఉతికి ఇస్త్రీ చేసిన నూలు పీలిక మీద ఒక ఆకును గంజి పద్ధతిలో మడిచి చూడాలి. ఆ ఒక్క ఆకు అంచు నున్నగా వస్తే మిగతా పద్ధతులన్నీ వాటంతటవే పట్టుబడతాయి.